స్కూల్లో రోజూ చెప్పించే ప్రతిజ్ఞలో "అండర్ గాడ్": ఆరేళ్ల పిల్లకు ఏం చెప్పాలి?

ఫ్రిస్కో_లలిత

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి.

మేం టెక్సాస్‌లో ఉంటాం. మా పాప ఈ ఆగస్టులో ఫస్ట్ గ్రేడ్‌లో చేరింది. పొద్దున్నే స్పీకర్‌లో పిలుపు వినిపించగానే పిల్లలంతా లేచి, గుండె మీద చెయ్యి పెట్టుకుని అమెరికా జెండా ప్రతిజ్ఞ చెబుతారు. వెంటనే టెక్సాస్ జెండా ప్రతిజ్ఞ. తర్వాత ఒక నిమిషం మౌనం. రెండు ప్రతిజ్ఞల్లోనూ "అండర్ గాడ్" అనే మాట ఉంది.

పోయిన వారం పాప స్కూల్లో ఇచ్చిన చిన్న కాగితం జెండా తెచ్చి, మా హాల్లో వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ కింద టేపుతో అంటించింది. కొంచెం పక్కకి పోయిందని పీకి, మళ్ళీ సరిగ్గా స్వామి పాదాల కిందికి వచ్చేలా అంటించింది. అక్కడెందుకమ్మా అంటే, "అండర్ గాడ్ అని రోజూ చెబుతున్నాం కదా, కిందే పెట్టాలి" అంది. నాకు ముచ్చటేసింది. రాత్రి పడుకునేటప్పుడు మాత్రం ఇలా అడిగింది: "అమ్మా, మా క్లాసులో అబ్బాయి గాడ్ అంటే జీసస్ ఒక్కడే అంటున్నాడు, మన స్వామి కాదంట. మరి నేను ఎవరి కింద?"

నేను పూజలూ వ్రతాలూ చేసుకునేదాన్నే. దేవుడి పేరు వినపడితే ఇబ్బంది పడే మనిషిని కాను. అయినా ఆ ప్రశ్నతో రెండు రోజులు నిద్ర పట్టలేదు. జెండా మీద ప్రేమ చెప్పుకోవడానికి ఒక పసిపిల్ల తన దేవుడు లెక్కలోకి వస్తాడో రాడో తేల్చుకోవాలా? అదీ ప్రభుత్వ స్కూల్లో?

తల్లిదండ్రులు రాసిస్తే మినహాయింపు ఇస్తారని విన్నాను. రాయాలా? రాస్తే మా పిల్ల ఒక్కతే వేరుగా కనిపిస్తుందని నా భయం. వీసాకి ఏమైనా ఇబ్బంది వస్తుందా అని మావారి టెన్షన్. పిల్లల్ని ఇక్కడ పెంచినవాళ్ళు చెప్పండి.

గోదావరి_అబ్బాయి

లలిత గారూ, ముందు వీసా సంగతి. ఈ ప్రతిజ్ఞ చట్టపరమైన ప్రమాణం కాదు. పౌరసత్వం తీసుకునే రోజు చేసే ప్రమాణం వేరు. ఇది చెప్పినందుకు మీ పాప అమెరికన్ అయిపోదు, చెప్పనందుకు మీ హెచ్ వన్‌కి ఏమీ కాదు. ఆ టెన్షన్ పక్కన పెట్టేయండి.

ఇక అసలు విషయం. మా పిల్లలిద్దరూ న్యూజెర్సీలో పదేసి ఏళ్ళు రోజూ ఇదే చెప్పారు. ఒకడు ఇప్పటికీ మాతో గుడికి వస్తాడు, ఇంకొకడు రాడు. ప్లెడ్జ్ వల్ల ఇద్దరిలో ఎవరూ మారలేదు. రెండు మాటల కోసం పిల్లని క్లాసులో ఒంటరిని చేయకండి. ఆ వయసులో అందరిలో కలిసిపోవడమే వాళ్ళకి పెద్ద అవసరం. నా మాట వినండి, ఉత్తరం వద్దు.

ప్లేనో_తాతయ్య

అమ్మా లలితా, నీ కూతురు చేసిన పని చదివి కళ్ళు చెమర్చాయి. ఆ పిల్లకి ఉన్న అర్థం చాలామంది పెద్దవాళ్ళకి లేదు. గాడ్ అన్నది ఇంగ్లీషులో దేవుడికి మాట. ఏ దేవుడన్నది అందులో రాయలేదు. పాప వెంకన్న అనుకుంటే వెంకన్నే. ఏకం సత్ విప్రా బహుధా వదంతి, అంటే సత్యం ఒకటే, జ్ఞానులు దాన్ని పలు పేర్లతో పిలుస్తారు అన్నారు మనవాళ్ళు. ఆ మాట నేర్పించు, సమస్య తీరిపోతుంది.

మా చిన్నప్పుడు బడి మొదలయ్యేది ప్రార్థనతోనే. దేవుడి భయం ఉన్న పిల్లలు దారి తప్పరు. ఈ దేశం ఆ మాట ఉంచుకుందంటే నాకు సంతోషమే.

రేచల్_గుంటూరు

తాతయ్య గారూ, మీ మనసు అర్థమైంది. కానీ ఏ దేవుడన్నది రాయలేదు కదా అనే మాట దగ్గర ఆగాలి. ఆ మాట ఎలా వచ్చిందో చూస్తే వేరే కథ కనిపిస్తుంది.

ఈ ప్రతిజ్ఞ రాసింది ఫ్రాన్సిస్ బెల్లమీ. 1892లో, కొలంబస్ వచ్చి 400 ఏళ్ళయిన సందర్భంగా, స్కూలు పిల్లల కోసం రాశాడు. ది యూత్స్ కంపానియన్ అనే పత్రికలో వచ్చింది. బెల్లమీ బాప్టిస్టు పాస్టరు. బైబిలు చేతపట్టుకుని బతికిన మనిషి. ఆయన రాసిన ప్రతిజ్ఞలో దేవుడి మాట లేదు! జెండా, గణతంత్రం, విడదీయరాని ఒకే జాతి, అందరికీ స్వేచ్ఛ, న్యాయం. అంతే. ఆయన 1931లో చనిపోయాడు. "అండర్ గాడ్" చేర్చింది 1954లో, అంటే రాసిన 62 ఏళ్ళకి.

ఎందుకు చేర్చారు? అది రష్యాతో ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న కాలం. నైట్స్ ఆఫ్ కొలంబస్ అనే క్యాథలిక్ సంఘం అంతకుముందు నుంచే అడుగుతోంది. 1954 ఫిబ్రవరి 7న వాషింగ్టన్‌లో ఒక ప్రెస్బిటేరియన్ చర్చిలో జార్జ్ డాకర్టీ అనే పాస్టరు ప్రసంగం చేశాడు. వినేవాళ్ళలో అధ్యక్షుడు ఐజన్‌హోవర్ ఉన్నాడు. ఈ ప్రతిజ్ఞని మాస్కోలో పిల్లలు తమ సుత్తి కొడవలి జెండాకి చెప్పుకున్నా సరిపోతుంది, ఇందులో మనది అనేదేదీ లేదు అన్నాడు. నాస్తికుడైన అమెరికన్ అనే మాటే పొసగదనీ అన్నాడు. ఐదు నెలలు తిరక్కుండా చట్టం వచ్చింది. దాని మీద సంతకం పెట్టిన రోజు ఐజన్‌హోవర్ చెప్పిన మాట ఏమిటంటే, ఇకనుంచి లక్షలాది బడిపిల్లలు ప్రతి ఊళ్ళో రోజూ ఈ జాతి సర్వశక్తిమంతుడికి అంకితమని చాటుతారని.

అంటే ఆ చాటింపు పెద్దవాళ్ళు పిల్లల నోట చేయించారు. నాకు బాధ కలిగేది అక్కడే.

మా నాన్న గుంటూరు దగ్గర పల్లెలో పాస్టరు. "నీ దేవుడైన యెహోవా నామమును వ్యర్థముగా నుచ్చరింపకూడదు" అన్న ఆజ్ఞ మాకు బళ్ళో ఎక్కాల కంటే ముందే వచ్చేది. నిద్రమత్తులో, బ్యాగు సర్దుకుంటూ, అర్థం తెలియకుండా రోజూ దేవుడి పేరు పలకడం విశ్వాసం అని నేను ఒప్పుకోలేను. నా దేవుణ్ణి నా పిల్లకి నేను నేర్పుకుంటాను. రాష్ట్ర ప్రభుత్వం సాయం నాకు అక్కర్లేదు.

విజయవాడ_హేతువు

రేచల్ గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను, వేరే దారిలో వచ్చి. మా ఇంట్లో మూడు తరాలుగా దేవుడు లేడు. గోరా గారి నాస్తిక కేంద్రం మా ఊళ్ళోనే ఉంది, చిన్నప్పుడు మా తాత చెయ్యి పట్టుకుని అక్కడి సభలకి వెళ్ళేవాణ్ణి. ఏకం సత్ అని మనసుకి సర్దిచెప్పుకునే వీలు మీ అందరికీ ఉంది, నా కొడుక్కి లేదు. వాడు "గాడ్" అంటే అబద్ధం చెప్పినట్టు, అనకపోతే దేశాన్ని ప్రేమించనట్టు. ఐదేళ్ళవాడి ముందు పెట్టాల్సిన రెండు దారులా ఇవి?

గోదావరి_అబ్బాయి

ఐదేళ్ళవాడు అంత ఆలోచిస్తాడంటారా? మనం ఆలోచించి వాళ్ళ నెత్తిన పెడుతున్నాం.

ఫ్రిస్కో_లలిత

ఆలోచిస్తారండి. మా పాప నేనేమీ చెప్పకుండానే అడిగింది.

లా_చదువరి

నేను ఇల్లినాయిస్‌లో లాయర్ని. ఇది న్యాయ సలహా కాదు, తెలిసింది చెబుతున్నాను.

పిల్లల చేత ఈ ప్రతిజ్ఞ బలవంతాన చెప్పించకూడదు. ఇది తేలి 80 ఏళ్ళు దాటింది. అంతకుముందు 1940లో పెన్సిల్వేనియాలోని మైనర్స్‌విల్ అనే ఊరి కేసు వచ్చింది. యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకి చెందిన కుటుంబంలో అక్కాతమ్ముళ్ళు, 12 ఏళ్ళ పిల్ల, 10 ఏళ్ళ పిల్లాడు, జెండాకి వందనం చేయడానికి ఒప్పుకోలేదు. స్కూలు నుంచి తీసేశారు. సుప్రీంకోర్టు 8-1 తో స్కూలు వైపే తీర్పు చెప్పింది. దాంతో దేశంలో చాలాచోట్ల ఆ మతస్థుల మీద దాడులు జరిగాయి. మెయిన్ రాష్ట్రంలో వాళ్ళ ప్రార్థనా మందిరాన్ని తగలబెట్టారు. మూడేళ్ళకే కోర్టు తన మాట తానే వెనక్కి తీసుకుంది. 1943 నాటి వెస్ట్ వర్జీనియా బోర్డు వర్సెస్ బార్నెట్ కేసు అది, 6-3 తీర్పు. రాజకీయాల్లో, జాతీయతలో, మతంలో ఏది సరైన అభిప్రాయమో నిర్ణయించే అధికారం చిన్నా పెద్దా ఏ అధికారికీ లేదని జస్టిస్ రాబర్ట్ జాక్సన్ రాశాడు. ఆ రక్షణకి పౌరసత్వంతో ముడి లేదు. కాబట్టి లలిత గారి పాపకీ అది ఉంది. ఒకటి గమనించండి, అప్పటికి ప్రతిజ్ఞలో దేవుడి మాటే లేదు. ఆ మాట లేనప్పుడే బలవంతం కూడదన్నారు.

ఇంకో విచిత్రం. బార్నెట్ తీర్పు వచ్చింది 1943 జూన్ 14న. అండర్ గాడ్ చట్టం మీద సంతకం 1954 జూన్ 14న. కాలిఫోర్నియా నుంచి ఒక నాస్తికుడైన తండ్రి తన కూతురి తరఫున వేసిన న్యూడో కేసును సుప్రీంకోర్టు కొట్టేసింది 2004 జూన్ 14న. మూడూ జెండా దినం రోజే. ఆ న్యూడో కేసులో అసలు ప్రశ్నకి కోర్టు జవాబు చెప్పలేదు. పిల్ల విషయంలో నిర్ణయాలు తీసుకునే హక్కు తల్లికి ఉంది కాబట్టి తండ్రికి ఈ కేసు వేసే అర్హత లేదని పంపేసింది. తర్వాత 2010లో 9వ సర్క్యూట్ ఫెడరల్ అప్పీలు కోర్టు, 2014లో మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం ఆ మాట ఉండొచ్చనే అన్నాయి. అంటే ఇవాళ పరిస్థితి ఇది: మాట ఉంటుంది, చెప్పమని బలవంతం ఉండకూడదు.

టెక్సాస్‌లో తల్లి గానీ తండ్రి గానీ రాసిస్తే మినహాయించి తీరాలి. ఎందుకో చెప్పాలని చట్టంలో లేదు. ఫ్లోరిడాలో కూడా ఉత్తరం కావాలి.

బే_ఏరియా_టీచరమ్మ

బలవంతం లేదని లాయరు గారు చెప్పింది కాగితం మీద నిజం. నేను కాలిఫోర్నియాలో కిండర్‌గార్టెన్ చెబుతాను, 14 ఏళ్ళుగా. ఇక్కడ ప్రతిరోజూ ఏదో ఒక దేశభక్తి కార్యక్రమం ఉండాలని చట్టం. ప్లెడ్జ్ చెబితే సరిపోతుంది కనుక అదే చెప్పిస్తాం.

మొదటి వారం ఎలా ఉంటుందో చెబుతాను. పిల్లలకి కుడిచెయ్యి ఏదో తెలియదు. నేను వాళ్ళకి ఎదురుగా నిలబడి కుడిచెయ్యి ఎత్తితే అద్దంలో చూసినట్టు ఎడమచెయ్యి ఎత్తుతారు. అందుకని ఒక్కొక్కరి కుడిచేతి మీద నక్షత్రం స్టిక్కర్ అంటిస్తాను. గుండె ఎక్కడో వెతుక్కుంటారు, కొందరు పొట్ట మీద పెట్టుకుంటారు. "ఇండివిజిబుల్" అన్నది ఐదేళ్ళ నోట "ఇన్‌విజిబుల్" అవుతుంది. ఒక జాతి, దేవుడి కింద, కనిపించకుండా! నెమ్మదిగా సరిదిద్దుతాను. అక్టోబరుకి అందరికీ కంఠతా వచ్చేస్తుంది. అర్థం ఒక్కరికీ తెలియదు. "అలీజియన్స్" (విధేయత) అంటే ఏమిటని అడిగితే ఒక పాప "లంచ్‌లో తినకూడనివి" అంది. అలర్జీ అనుకుంది పాపం.

ఇప్పుడు అసలు సంగతి. మూడేళ్ళ కిందట ఒక చైనీస్ కుటుంబం అబ్బాయి నిలబడేవాడు కానీ నోరు మెదిపేవాడు కాదు. వాళ్ళమ్మ నాతో ముందే మాట్లాడింది, నాకు అభ్యంతరం లేదు. రెండో రోజే పక్క పిల్ల చెయ్యెత్తి "టీచర్, వాడు చెప్పట్లేదు!" అంది. మూడో రోజు నలుగురు చెప్పారు. నేను "చెప్పకపోయినా ఫర్వాలేదు" అని రోజూ అన్నాను. వారం తిరిగేసరికి వాడే పెదాలు కదపడం మొదలుపెట్టాడు. మాట బయటికి రాదు, పెదాలు మాత్రం కదులుతాయి. అందరూ చూస్తున్నారని.

ఏ చట్టం కాపాడుతుంది ఆ పిల్లాణ్ణి? నేను వాడి పక్కనే ఉండీ కాపాడలేకపోయాను.

లా_చదువరి

టీచరమ్మ గారూ, మీరు చెప్పినదాన్ని కోర్టు కూడా గుర్తించింది. 1992లో లీ వర్సెస్ వైస్‌మన్ కేసులో, స్నాతకోత్సవంలో మతగురువు చేత ప్రార్థన చేయించడం చెల్లదని తీర్పు వచ్చింది. తోటివాళ్ళ ఒత్తిడి కూడా బలవంతమే అవుతుందని జస్టిస్ కెనెడీ రాశాడు. అక్కడున్నది 14 ఏళ్ళ పిల్ల. మీ దగ్గరున్నది ఐదేళ్ళ పిల్లలు.

నల్లగొండ_మాస్టారు

ఆలస్యంగా చూశాను. 34 ఏళ్ళు బళ్ళో ఉదయం అసెంబ్లీ నిలబెట్టిన చేతులివి. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

మన దేశంలో పిల్లలు రోజూ చెప్పే ప్రతిజ్ఞ తెలుగులో పుట్టిందని మీలో ఎంతమందికి గుర్తుంది? రాసింది మా జిల్లావారే, పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు. నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టారు. 1962లో విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు రాశారు. చైనా యుద్ధం జరిగిన సంవత్సరం అది. దాన్ని తెన్నేటి విశ్వనాథం గారికి చూపించారు, ఆయన అప్పటి విద్యామంత్రి పి.వి.జి. రాజు గారి దృష్టికి తీసుకువెళ్ళారు. మరుసటి ఏడాది విశాఖ బళ్ళలో చదివించారు, 1965 జనవరి 26 నుంచి దేశమంతా. అన్ని భాషల్లోకీ వెళ్ళింది. చాలా ఏళ్ళు పుస్తకాల్లో ఆయన పేరే ఉండేది కాదు. ఆ బాధ మా జిల్లాకి ఇంకా ఉంది.

ఆ ప్రతిజ్ఞ ఒకసారి మనసులో అనుకోండి. "భారతదేశం నా మాతృభూమి. భారతీయులందరూ నా సహోదరులు." దేశాన్ని ప్రేమిస్తాను, వారసత్వ సంపద గర్వకారణం, తల్లిదండ్రుల్ని, ఉపాధ్యాయుల్ని, పెద్దల్ని గౌరవిస్తాను, అందరితో మర్యాదగా నడుచుకుంటాను. "వారి శ్రేయోభివృద్ధులే నా ఆనందానికి మూలం." ఎక్కడైనా దేవుడున్నాడా? ఆయన సంస్కృతం, తెలుగు బాగా చదువుకున్న మనిషి. అదీ యుద్ధకాలం. కావాలంటే ఒక్క పదం వేయడం ఎంతసేపు? వేయలేదు.

రేచల్ అమ్మాయి రాసిన బెల్లమీ కథ చదువుతుంటే నాకు ఇదే తట్టింది. అక్కడ పాస్టరు, ఇక్కడ పండితుడు. ఇద్దరూ పిల్లల కోసం రాశారు, ఇద్దరూ దేవుణ్ణి పిల్లల ఇంటికి వదిలేశారు.

మన రాజ్యాంగ సభలోనూ ఈ చర్చ వచ్చింది. 1949 అక్టోబరు 17న పీఠిక "దేవుని పేరిట" అని మొదలవ్వాలని హెచ్.వి. కామత్ సవరణ పెట్టారు. ఓటింగ్ జరిగింది. అనుకూలంగా 41, వ్యతిరేకంగా 68. ఓడిపోయింది. ఆ సభలో భక్తులు తక్కువేమీ కాదు. మన ఎమ్మెల్యేలు, ఎంపీలు ప్రమాణం చేసేటప్పుడు మాత్రం దైవసాక్షిగా అని కొందరంటారు, ఆ మాట లేకుండా కొందరు చేస్తారు. రెండూ రాజ్యాంగంలోనే ఉన్నాయి, ఎవరిష్టం వారిది. అమెరికా పౌరసత్వ ప్రమాణంలోనూ దేవుడి మాట వదిలేసే వీలుంది. 50 ఏళ్ళ మనిషికి రెండు దారులు ఇచ్చి, ఐదేళ్ళ పిల్లకి ఒకటే చూపిస్తారేమిటి?

ఇంకో తెలుగాయన గురించి చెప్పి ఆపుతాను. 1985లో కేరళలో ముగ్గురు పిల్లల్ని బడి నుంచి పంపేశారు. పదో తరగతి, తొమ్మిది, ఐదు. ఒకే ఇంటి పిల్లలు, యెహోవా సాక్షులు. జనగణమన పాడేటప్పుడు మర్యాదగా నిలబడేవారు కానీ పాడేవారు కాదు. కేసు సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 1986 ఆగస్టు 11న తీర్పు రాసింది ఓ. చిన్నప్పరెడ్డి గారు. అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా చేసినవారు. నిలబడ్డారు కదా, అదే గౌరవం, పాడమని బలవంతం చేయలేరు అన్నారు. లాయరు గారు చెప్పిన ఆ అమెరికా కేసుల్ని ఆ తీర్పులో చర్చించారు కూడా. చివర్లో, మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, మన తత్వం సహనం బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనం పాటిస్తుంది, దాన్ని పలచన చేయొద్దు అని రాశారు. ఆ పేరా నేను నా డైరీలో రాసుకుని ఏటా పదో తరగతికి చదివి వినిపించేవాణ్ణి.

సలీం_కర్నూలు

మాస్టారూ, నమస్తే. చదువుతుంటే ఒళ్ళు పులకరించింది.

నాది వేరే అనుభవం. నాకు "అండర్ గాడ్" అనడంలో కష్టం లేదు. దేవుడొక్కడే అని నమ్మేవాణ్ణి, ఆ మాట నాకు సరిపోతుంది. మా అబ్బాయి షికాగోలో రోజూ చెబుతాడు. అయినా పిల్లలందరి చేత చెప్పించాలంటే నేను ఒప్పుకోను. ఎందుకంటే నేను అటువైపు కూడా నిలబడ్డాను. కర్నూల్లో నేను చదివిన ప్రైవేటు బడిలో రోజూ శ్లోకాలు చెప్పించేవారు. చేతులు జోడించి, కళ్ళు మూసుకుని. అవి ఇప్పటికీ తప్పు లేకుండా చెప్పగలను. టీచర్లు మంచివాళ్ళు, నన్నెవరూ ఏమీ అనలేదు. మా అమ్మ కూడా ఫర్వాలేదు బేటా, చదువు ముఖ్యం అంది. కానీ కళ్ళు మూసుకున్నప్పుడల్లా నేను ఒక కన్ను కొంచెం తెరిచి చూసేవాణ్ణి, నా చేతులు సరిగ్గా జోడించానా లేదా, ఎవరైనా చూస్తున్నారా అని. రెండో తరగతి నుంచి ఏడో తరగతి దాకా ఒక కన్ను తెరిచే ఉంచాను. మన రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం గుర్తింపు ఉన్న బడిలో మతారాధనలో పాల్గొనాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని చాలా తర్వాత తెలిసింది. మా అమ్మని ఎవరూ అడగలేదు.

లలిత గారి పాపని ఆ అబ్బాయి అన్నమాట నాకు ఇక్కడిదాకా తగిలింది.

ప్లేనో_తాతయ్య

సలీం బాబూ, ఆ ఒక కన్ను సంగతి చదివి కాసేపు ఏమీ తోచలేదు. మా బళ్ళో కూడా మీవాళ్ళ పిల్లలు ఇద్దరు ముగ్గురు ఉండేవారు. ప్రార్థనలో మా పక్కనే నిలబడేవారు. వాళ్ళకి ఎలా ఉందో నేను ఒక్కనాడూ అడగలేదు.

దేవుడి మాట పిల్లల చెవిన పడాలనే నా అభిప్రాయం మారలేదు. అది ఎక్కడ పడాలన్నది మాత్రం ఆలోచిస్తాను.

డల్లాస్_రెండోతరం

నేను ఇక్కడే పుట్టి పెరిగాను, తెలుగు టైపింగ్ కొత్త, తప్పులుంటే క్షమించండి. ఈ విషయంలో మీలో ఎవరూ చూడనిది నేను చూశాను, ఎందుకంటే 13 ఏళ్ళు రోజూ చెప్పింది నేను.

ఎలిమెంటరీలో ఏమీ అనిపించలేదు. గోదావరి అంకుల్ చెప్పినట్టే. ఆరో క్లాసు నుంచి "వన్ నేషన్" తర్వాత నేను ఊపిరి పీల్చుకునేవాణ్ణి. సరిగ్గా ఆ రెండు మాటల టైమ్. మళ్ళీ "ఇండివిజిబుల్" దగ్గర కలిసేవాణ్ణి. ఎవరికీ తెలియదు. ఎనిమిదో క్లాసులో ఒకరోజు కూర్చునే ఉన్నాను. టీచర్ అందరి ముందు "మీ నాన్నకి ఉద్యోగం ఇచ్చిన దేశం ఇది" అన్నారు. ఆఫీసుకి పంపారు. ఇంట్లో చెప్పలేదు, ఎందుకంటే నాన్న భయపడతారని తెలుసు. అప్పటికి అమ్మానాన్నలకి గ్రీన్ కార్డు రాలేదు.

ఆంటీ, నాకు ఈ దేశమంటే ప్రాణం. "లిబర్టీ అండ్ జస్టిస్ ఫర్ ఆల్" అన్నప్పుడు ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది. అందుకే ఆ లైన్‌కి ముందు నన్ను ఊపిరి పీల్చుకునేలా చేసినందుకు బాధ.

పాపకి ఏది చెప్పినా, ఇంట్లో చెప్పుకోవచ్చు అనే నమ్మకం ఇవ్వండి. నాకు అది లేకపోయింది.

మోడరేటర్

ఒక వ్యాఖ్య తొలగించాను. ఫలానా మతం పిల్లలకి ఇక్కడేం పని అనే ధోరణి ఈ వేదికలో కుదరదు. మిగతా చర్చ కొనసాగించండి.

సింగపూర్_సుజాత

మా దగ్గర సంగతి చెబుతాను. సింగపూర్ స్కూళ్ళలో రోజూ ప్రతిజ్ఞ ఉంది. కుడి పిడికిలి గుండె మీద పెట్టి చెబుతారు. 1966లో మొదలైంది. ముసాయిదా రాసింది ఎస్. రాజరత్నం, అప్పటి విదేశాంగ మంత్రి. అందులో మతం మాట ఉంది, కానీ ఎలా ఉందంటే, జాతి, భాష, మతం ఏదైనా మేమంతా ఒక్కటే అని. అంతకు రెండేళ్ళ ముందు ఇక్కడ జాతుల మధ్య ఘర్షణలు జరిగి మనుషులు చనిపోయాక రాసిన మాట అది. మా క్లాసులో మలయ్, చైనీస్, తమిళం, తెలుగు పిల్లలు పక్కపక్కనే నిలబడి చెబుతారు. మా బాబు ఇంతవరకు ఎవరి దేవుడు అని అడగలేదు.

గోదావరి_అబ్బాయి

రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. గుడికి రాని మా చిన్నవాడికి నిన్న ఫోన్ చేసి అడిగాను, నువ్వు ప్లెడ్జ్‌లో ఆ మాట అనేవాడివా అని. "మిడిల్ స్కూల్ నుంచి అనలేదు నాన్నా, నువ్వు అడగలేదు" అన్నాడు. వాడికి ఇప్పుడు 26.

లలిత గారూ, నేను మొదట రాసింది వెనక్కి తీసుకోను, పిల్లని ఒంటరిని చేయొద్దనే ఇప్పటికీ అంటాను. కానీ ఊరుకోమని మాత్రం చెప్పను. ఉత్తరం ఒక్కటేనా దారి? స్కూల్లో మాట్లాడితే?

బే_ఏరియా_టీచరమ్మ

మంచి ఆలోచన. పిల్లని మినహాయించమని కాకుండా, స్పీకర్‌లో పిలిచేటప్పుడే "చెప్పాలనుకున్నవాళ్ళు చెప్పండి, లేనివాళ్ళు నిశ్శబ్దంగా ఉండొచ్చు" అనమని అడగండి. అప్పుడు ఆ మాట అందరికీ వర్తిస్తుంది, ఎవరి పేరూ బయటికి రాదు. చెప్పకపోవడం కూడా మామూలు విషయమేనని మిగతా పిల్లలకీ తెలుస్తుంది. ఆ అబ్బాయి విషయంలో నేను చేసిన పొరపాటు, వాడి ఒక్కడి గురించే మాట్లాడటం.

విజయవాడ_హేతువు

నాకు ఆ మాటే తీసేయాలని ఉంది. 1892 నాటిది చెప్పించినా పిల్లలకి ఏం తక్కువవుతుంది? కానీ సోమవారం పొద్దున్న చేయగలిగింది ఇదే కాబట్టి దీన్ని సమర్థిస్తున్నాను. నేను కూడా మా స్కూల్లో అడుగుతాను.

ఫ్రిస్కో_లలిత

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న మావారూ నేనూ కలిసి ప్రిన్సిపల్ దగ్గరికి వెళ్ళాం. టీచరమ్మ గారు చెప్పిన మాటే అడిగాను. ఆవిడ శ్రద్ధగా విని రాసుకున్నారు. డిస్ట్రిక్ట్ వాళ్ళని అడిగి చెబుతానన్నారు. ఉత్తరం మాత్రం ఇవ్వలేదు. పాప ఇవ్వొద్దంది. "నేను టెక్సాస్‌ది చెబుతాను, అది చిన్నగా ఉంటుంది" అంది. అందులో కూడా ఆ మాట ఉందమ్మా, 2007లో చేర్చారంట అన్నాను. ఆలోచించి, "అయితే అక్కడ ఊపిరి పీల్చుకుంటాను" అంది! డల్లాస్ తమ్ముడు రాసింది నేను మావారికి చదివి వినిపిస్తుంటే పాప విన్నట్టుంది.

"నేను ఎవరి కింద" అన్నదానికి ఇలా చెప్పాను: స్వామి మన ఇంటి దేవుడు, నువ్వు ఎప్పుడు పిలిచినా పలుకుతాడు. జెండా మాత్రం మీ క్లాసులో అందరిదీ. ఆ అబ్బాయిది, నీది, దేవుణ్ణి మొక్కనివాళ్ళది కూడా. పాప కాసేపు క్యాలెండర్ వైపు చూసి, కుర్చీ లాక్కుని ఎక్కి, జెండాని జాగ్రత్తగా పీకింది. ఫ్రిజ్ మీద తన బొమ్మల పక్కన అంటించింది. గోడ మీద టేపు మరక ఉండిపోయింది.

ఇంకో విషయం. నల్లగొండ మాస్టారు రాసింది చదివాక పాపకి మన ప్రతిజ్ఞ నేర్పుతున్నాను. "బహువిధమైన" దగ్గర నోరు తిరగట్లేదు. మాస్టారూ, ఆ మాట ఆరేళ్ళ పిల్లకి అర్థమయ్యేలా ఎలా చెప్పేవారు?

నల్లగొండ_మాస్టారు

అమ్మా, చాలా సంతోషం. పిల్లల్ని వరుసగా లేపి, మీ ఇంట్లో పండక్కి ఏం వండుతారు అని అడిగేవాణ్ణి. ఒకడు బొబ్బట్లు అంటాడు, ఒకడు సేమ్యా అంటాడు, ఒకతి కేకు అంటుంది, ఒకడు మాంసం అంటాడు. అన్నీ బోర్డు మీద రాసేవాణ్ణి. బోర్డు నిండాక, ఇదీ బహువిధం అంటే అని చెప్పేవాణ్ణి.